తాతయ్య అంబాసిడర్‌కి కొత్త నరాలు

పాత కారు ఒకటి బాగు చేయిస్తున్నా అని చెబితే చాలు, ఫ్రెండ్స్ అడిగే మొదటి ప్రశ్న ‘ఏ కలర్ వేయిస్తున్నావ్?’ రెండోది ‘ఏసీ పెట్టిస్తావా?’ మూడోది ‘బ్లూటూత్ సంగతేంటి?’ వైరింగ్ గురించి మాత్రం ఎవరూ అడగరు. వాళ్లని అనడానికీ లేదు. పెయింట్ ఫొటోలో కనిపిస్తుంది. వైరింగేమో డ్యాష్‌బోర్డ్ వెనక, కార్పెట్ కింద, డిక్కీ మూలల్లో దాక్కుని ఉంటుంది. బాగున్నంతకాలం అదొకటి ఉందన్న సంగతే గుర్తుకు రాదు. పాడైన రోజు మాత్రం చీకట్లో రోడ్డు పక్కన నిలబెడుతుంది. టైం బాగోకపోతే ముందు పొగ కనిపిస్తుంది, తర్వాత మంట.

ఈ వారం ఆ దాక్కున్న వైర్ల సంగతే మాట్లాడుకుందాం. పాత కారు లేనివాళ్లు కూడా చివరిదాకా చదవండి. మీ బైక్‌కి సరిపోయే విషయాలూ ఇందులో ఉన్నాయి.

బండి కథ రెండు ముక్కల్లో

మాది 1972 మోడల్ అంబాసిడర్, మార్క్ 2. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసింది. ఒంటి మీద ఉన్నది మన బ్రాండే గానీ లోపలి డిజైన్ బ్రిటన్‌ది, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారుది. అందుకే వైరింగ్ కూడా బ్రిటిష్ పద్ధతిలోనే ఉంటుంది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది.

తాతయ్య దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొని గుడివాడ, విజయవాడ మధ్య టాక్సీ తిప్పారు. టాక్సీ మానేశాక సొంత బండిగా మార్పించుకున్నారు. ఆయన పోయాక షెడ్డులో పడి ఉంది. ఇంజన్ పని, తుప్పు పని అయిపోయాయి. మిగిలింది కరెంటు పని. ఇంతలో బాబాయ్ కూతురి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురు తాతయ్య కారులోనే మండపానికి వెళ్లాలని ఇంట్లో తీర్మానం. ముహూర్తం రాత్రి పూట. అంటే లైట్లన్నీ వేసుకుని, పట్టుచీరల్లో నలుగురిని ఎక్కించుకుని నడవాలి బండి.

‘ఎవరైనా ఆటో ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే సాయంత్రానికల్లా లైట్లకి డైరెక్ట్ ఇచ్చేస్తాడు కదరా, ఎందుకీ గోల’ అన్నాడు బాబాయ్. ఆ ‘డైరెక్ట్’ అనే మాట దగ్గరే నాకు భయం మొదలైంది.

12 వోల్టులే కదా!

కారు కరెంటు షాక్ కొట్టదు. 12 వోల్టులే కాబట్టి చేత్తో పట్టుకున్నా ఏమీ అనిపించదు. దాంతో అది ప్రమాదం లేనిదని మనవాళ్ల నమ్మకం. షాక్ సంగతి నిజమే, కాలడం సంగతి వేరు.

చిన్న లెక్క చూడండి. కారు బ్యాటరీ సెల్ఫ్ మోటారు తిప్పడానికి వందల ఆంపులు ఇవ్వగలదు. దాని పనే అది. ఒక సన్న వైరు పైతోలు ఊడిపోయి బాడీకి తగిలిందనుకోండి. దాంట్లో 200 ఆంపులు పారితే 12 వోల్టుల దగ్గర అది 2400 వాట్లు. ఇంట్లో గీజర్ ఇంచుమించు అంతే తీసుకుంటుంది. గీజర్‌లో ఆ వేడిని పీల్చుకోవడానికి నీళ్లుంటాయి. ఇక్కడ ఉన్నది అగ్గిపుల్ల కన్నా సన్నని రాగితీగ, దాని చుట్టూ ప్లాస్టిక్, ఆ పక్కన కార్పెట్, సీటు కింద కొబ్బరి పీచు. తీగ ఎర్రబడటానికి సెకన్లు చాలు.

ఇంట్లో అయితే ఎంసీబీ టక్కున పడిపోతుంది. ఆ తరం బ్రిటిష్ డిజైన్ కార్లలో బండి మొత్తానికి రెండే రెండు గాజు ఫ్యూజులు ఉండటం మామూలు. హెడ్‌లైట్లకి, ఇగ్నిషన్‌కి అసలు ఫ్యూజే ఉండేది కాదు. ఫ్యూజు పోయి హఠాత్తుగా చీకటైపోతే డ్రైవర్‌కి ప్రమాదం అని అప్పటి ఆలోచన. వైరు కొత్తగా ఉన్నప్పుడు ఆ వాదన కొంతవరకు నడుస్తుంది. యాభై ఏళ్ల తర్వాత నడవదు.

నల్ల టేపు కింద ఏముంది?

వైరు పైనుంచి బాగానే కనిపిస్తుంది. అందుకే మోసపోతాం. ప్లాస్టిక్ తోలు మెత్తగా ఉండటానికి అందులో కలిపిన పదార్థం ఏళ్ల తరబడి వేడికి కొద్దికొద్దిగా బయటికి పోతుంది. తోలు అప్పడంలా పెళుసైపోతుంది. కదపనంతకాలం బాగుంటుంది, కదిపితే ముక్కలుగా రాలుతుంది. కొసల దగ్గర తేమ లోపలికి పాకి రాగిని నల్లగా, పచ్చగా చేస్తుంది. కొస కత్తిరిస్తే మంచి రాగి వస్తుందిలే అనుకుంటాం. జానెడు కత్తిరించినా నలుపే కనిపిస్తుంది. దానికి లగ్గు వేసినా పట్టు దొరకదు.

మా బండిలో టేపు విప్పుతూ పోతే ఒక్కో పొర కింద ఒక్కో కాలం బయటపడింది. ఒకచోట ఇంటి కరెంటు వైరు. ఇంకోచోట టెలిఫోన్ వైరు మూడు పేటలు కలిపి మెలేసింది. వెనక లైట్లకి వెళ్లే దారిలో ఏడు అతుకులు లెక్కపెట్టాను. అన్నిటికన్నా భయపెట్టింది డ్రైవర్ సీటు కింద ఉన్న ఒక ఎర్ర వైరు. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చి, ఫ్యూజు లేకుండా, సీటు పట్టాల పక్కనుంచి వెనక్కి పోయింది. సీటు ముందుకీ వెనక్కీ జరిగినప్పుడల్లా పట్టా దాన్ని కొరుకుతూ వచ్చింది. ఒకచోట రాగి బయటికి కనిపిస్తోంది. దాని పక్కన కార్పెట్ మీద అర్ధరూపాయి అంత నల్లటి మచ్చ. ఎప్పుడో ఒకసారి అంటుకోబోయి ఆగింది. ఆ సీటు వెనకే మా నాన్న, అత్తయ్యలు, తర్వాత మేం, అందరం కూర్చుని తిరిగాం.

అలాగని ఆ అతుకులు వేసినవాళ్లని తిట్టబుద్ధి కాలేదు. టాక్సీ రాత్రి పాడైతే పొద్దున్న ఆరింటికల్లా మళ్లీ స్టాండులో ఉండాలి. చేతికి ఏ వైరు దొరికితే అదే వేశారు. ఆ రోజు కిరాయి ఆ అతుకు మీదే వచ్చింది. మా ఆఫీసు కోడ్‌లోనూ ‘తాత్కాలికం, తర్వాత సరిచేయాలి’ అని రాసి ఏళ్ల తరబడి అలాగే నడుస్తున్నవి చాలా ఉన్నాయి. అతుకు వేయడం అవసరం. అతుకు మీద అతుకు ఏడోసారి పడ్డాక మాత్రం మొత్తం విప్పక తప్పదు.

రంగులకో భాష ఉంది

ఒరిజినల్ వైర్లు మిగిలిన చోట రంగులు గమనించాను. పాత బ్రిటిష్ పద్ధతిలో ప్రతి రంగుకీ ఒక అర్థం ఉంటుంది. గోధుమ రంగు అంటే ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి వచ్చే మెయిన్ సప్లై, ఎప్పుడూ ప్రాణంతో ఉంటుంది. తెలుపు అంటే తాళం తిప్పాక వచ్చేది. ఆకుపచ్చ అంటే తాళం తిప్పాక ఫ్యూజు దాటి వచ్చేది. ఊదా అంటే తాళంతో పనిలేకుండా ఫ్యూజు దాటి వచ్చేది. ఎరుపు పార్కింగ్ లైట్లకి, నీలం హెడ్‌లైట్లకి, నలుపు ఎర్త్‌కి.

వైరు మీద సన్నటి రెండో గీత ఉంటే అది ఇంకాస్త వివరం చెబుతుంది. నీలం మీద తెలుపు గీత హైబీమ్, నీలం మీద ఎరుపు గీత డిమ్. ఆకుపచ్చ మీద ఎరుపు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ మీద తెలుపు కుడి ఇండికేటర్. ఒక్కసారి ఈ భాష పట్టుబడితే డ్యాష్‌బోర్డ్ కిందకి టార్చి వేసి చూడగానే సగం కథ అర్థమవుతుంది. కొత్త వైర్లు కొనేటప్పుడు కూడా ఇవే రంగులు వెతుక్కున్నా. ‘ఎర్రది ఒక చుట్ట ఇచ్చేయన్నా’ అని మొత్తం ఒకే రంగు వేసేస్తే, పదేళ్ల తర్వాత ఆ బండి పని చేసేవాడి ఉసురు మనకి తగులుతుంది.

ముందు కాగితం, తర్వాత కత్తెర

మొదటి పని బ్యాటరీ తీసేయడం. ఎర్త్ వైపు ముందు విప్పాలి. అప్పుడు స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా ఏమీ కాదు. ఇక్కడో మెలిక ఉంది. ఆ కాలపు చాలా బ్రిటిష్ డిజైన్ కార్లలో బాడీకి కలిపేది పాజిటివ్. మైనస్ అంటే ఎర్తే అని కళ్లు మూసుకుని అనుకోవద్దు. ఏ కేబుల్ బాడీకి వెళ్తోందో చూసి నిర్ణయించుకోండి. చేతికి ఉంగరం, స్టీల్ వాచీ ఉంటే తీసేయండి. టెర్మినల్‌కీ బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే వేలు కాలుతుంది.

తర్వాత ఏదీ కత్తిరించకుండా ఫొటోలు తీశాను. ప్రతి వైరుకీ రెండు చివర్లా కాగితం టేపు చుట్టి, నంబరు రాసి, పైన ట్రాన్స్‌పరెంట్ టేపు వేశాను. లేకపోతే చేతి నూనెకి నంబరు చెరిగిపోతుంది. ఆ నంబర్లన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించా. ఎక్కణ్నుంచి ఎక్కడికి, రంగు, పొడవు, ఎన్ని ఆంపులు, ఏ ఫ్యూజు కింద. అప్పుడు పాత వైరింగ్ కిట్ మొత్తం ఒకే ముక్కగా బయటికి లాగాం. లాగాక దాన్ని ఒక పాత ప్లైవుడ్ చెక్క మీద పరిచి, మలుపు ఉన్న ప్రతిచోటా మేకు కొట్టాం. ఆ మేకుల వెంట కొత్త వైర్లు పరుచుకుంటూ పోతే కిట్ అదే ఆకారంలో తయారవుతుంది. ఫ్యాక్టరీల్లో కూడా ఇలాగే బోర్డు మీద అల్లుతారు. డ్యాష్‌బోర్డ్ కింద తలకిందులుగా పడుకుని ఒక్కో వైరూ లాగేకన్నా ఇది నడుముకి వెయ్యి రెట్లు మేలు.

వైరు విషయంలో ఒక్కమాట. ఇంటి వైరు వేయకండి. బండి వైరులో పోగులు సన్నగా, ఎక్కువగా ఉంటాయి కాబట్టి వంగినా, అదిరినా తట్టుకుంటుంది. తోలు ఇంజన్ వేడినీ, ఆయిల్‌నీ ఓర్చుకుంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఆటో వైరు అని అడిగితే మీటర్ల లెక్కన దొరుకుతుంది. రాగి కాదా అన్నది కొస గీకి చూసి కొనండి. రాగి పూత వేసిన అల్యూమినియం అయితే గీకిన చోట లోపల తెల్లగా కనిపిస్తుంది.

ఇరవై ఆంపుల సంసారం

ఇప్పుడు అసలు లెక్క. మా బండిలో ఉన్నది ఆల్టర్నేటర్ కాదు, పాత డైనమో. అది మంచి స్పీడులో ఇచ్చేదే సుమారు 20 ఆంపులు. ఆ జీతంలోనే ఇల్లు గడవాలి.

60 వాట్ల హైబీమ్ రెండు వేస్తే 120 వాట్లు, అంటే 10 ఆంపులు. ఇగ్నిషన్‌కి సుమారు 4. వైపర్‌కి 3 దాకా. వెనక లైట్లు, నంబర్ ప్లేటు, మీటర్ల లైట్లు కలిపి 2. మొత్తం 19. వానలో రాత్రి పూట ప్రయాణానికి సరిగ్గా సరిపోయింది, మిగులు దాదాపు సున్నా. ఇలాంటి బండికి వంద వాట్ల బల్బులు పెడితే ఏమవుతుందో చూడండి. రెండు బల్బులకే 16 ఆంపులు దాటుతుంది. మిగతా ఖర్చు బ్యాటరీలో దాచుకున్న దాంట్లోంచి పోతుంది. కొన్ని గంటల తర్వాత బండి ఎక్కడ ఆగిందో అక్కడే.

‘మరి లైట్లు మసగ్గా ఉంటే పెద్ద బల్బు వేయకుండా ఏం చేయాలి?’ ఇక్కడే వైరింగ్ గొప్పతనం తెలుస్తుంది. పాత పద్ధతిలో హెడ్‌లైట్ కరెంటు బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డ్ స్విచ్‌కి వచ్చి, అక్కణ్నుంచి కాలితో నొక్కే డిప్పర్‌కి దిగి, మళ్లీ ముందుకి లైట్ల దగ్గరికి పోతుంది. మొత్తం దారి 6 మీటర్లు అనుకుందాం. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగకి మీటరుకి సుమారు 0.017 ఓమ్ నిరోధం ఉంటుంది. ఆరు మీటర్లకి 0.1 ఓమ్. 10 ఆంపులు పారితే ఒక వోల్టు దారిలోనే ఖర్చయిపోతుంది. స్విచ్ కాంటాక్టులు నల్లబడి మరో 0.1 ఓమ్ అడ్డం పడితే ఇంకో వోల్టు. పైగా ఆ స్విచ్ దగ్గర 10 వాట్ల వేడి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ వేడిలో 40 శాతం మన డ్యాష్‌బోర్డ్ వెనక ఊరికే కాలుతున్నట్టు.

బల్బుకి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 10 శాతం తగ్గి ఊరుకోదు. దాదాపు 30 శాతం పడిపోతుంది. అందుకే పాత కార్ల లైట్లు చీకట్లో కొవ్వొత్తుల్లా ఉంటాయి. చాలాసార్లు బల్బులో లోపం ఉండదు, దానికి అందాల్సిన తిండి అందదు.

మందు చాలా చిన్నది, రిలే. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే, రిలే నుంచి లైటు, అన్నీ బానెట్ కిందే, 2.5 చదరపు మిల్లీమీటర్ల లావు వైరుతో దగ్గర దారిలో. డ్యాష్‌బోర్డ్ స్విచ్ చేసే పని రిలేకి సైగ చేయడమే, అందుకు 0.2 ఆంప్ చాలు. రిలే మీద నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ సప్లై, 87 నుంచి లైటుకి, 85, 86 రెండూ సైగ కోసం. హైబీమ్‌కి ఒకటి, డిమ్‌కి ఒకటి. పెట్టాక అదే బల్బు, అదే అద్దం, వెలుగు మాత్రం వేరే బండిది అన్నట్టుంది.

ఎక్కడ తెగాలి?

ఈ పనికి నాకు తోడు ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా కార్ల కరెంటు పని చేస్తున్న ఒక పెద్దాయన. అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు. మల్టీమీటరు చాలా అరుదుగా తీస్తారు. రెండు వైర్లు పెట్టిన బల్బు ఒకటి, అదే ఆయన టెస్ట్ ల్యాంప్. దాని వెలుగు చూసి ఎక్కడ లోపముందో చెప్పేస్తారు. నేను షీట్‌లో ఫ్యూజుల లెక్క చూపిస్తే చాలాసేపు చూసి, ‘ఇన్ని ఎందుకు బాబూ?’ అనలేదు. ఇలా అన్నారు.

‘ఏ బండైనా ఎక్కడో ఒకచోట తెగుద్ది బాబూ. ఎక్కడ తెగాలో నువ్వు ముందే చెప్పాలి. నువ్వు చెప్పకపోతే అదే చూసుకుంటది, సీటు కిందో, పెట్రోల్ పైపు పక్కనో.’

నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో ఫ్యూజు గురించి ఇంత బాగా ఎవరూ చెప్పలేదు నాకు. ఫ్యూజు ఉన్నది హారన్‌ని కాపాడటానికి కాదు, లైటుని కాపాడటానికీ కాదు. వైరుని కాపాడటానికి. అందుకే ఫ్యూజు సైజు వైరు లావుని బట్టి ఉండాలి, బ్యాటరీకి వీలైనంత దగ్గర్లో ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న ముక్కకి కాపలా ఎవరూ ఉండరు కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

ఇంకో సంగతి పాత బ్రిటిష్ గాజు ఫ్యూజులు కొన్నవాళ్లకి పనికొస్తుంది. దాని మీద 35 అని ఉంటే అది కాలిపోయే ఆంపుల లెక్క. నిరంతరం మోయగలిగేది అందులో సగం, 17 ఆంపులు మాత్రమే. ఇప్పటి రంగురంగుల బ్లేడు ఫ్యూజుల మీద రాసేది మోయగలిగే లెక్క. పాతదాని మీద 35 ఉంది కదా అని కొత్తది కూడా 35 పెడితే కాపలావాడిని నిద్రపుచ్చినట్టే. 15 సరిపోతుంది.

మేము హెడ్‌లైట్లకి కుడికొకటి, ఎడమకొకటి విడివిడి ఫ్యూజులు పెట్టాం. ఒకటి పోయినా రెండోది వెలుగుతుంది. హఠాత్తుగా చీకటైపోతుందన్న పాత భయానికి అదే జవాబు. హారన్, వైపర్, వెనక లైట్లు, ఇండికేటర్లు తలా ఒకటి. చివరగా 7.5 ఆంపులది ఇంకొకటి పెట్టి, దాని నుంచి ఒక సాకెట్ బయటికి తీశాం. పెళ్లికి పూలు కట్టే కుర్రాళ్లు సీరియల్ లైట్ల కోసం నేరుగా బ్యాటరీకే క్లిప్పులు తగిలిస్తారని మేస్త్రీ గారికి తెలుసు.

ఎర్త్ అనే సగం దారి

కరెంటు వెళ్లే దారి గురించే మాట్లాడుకుంటాం, తిరిగొచ్చే దారిని మర్చిపోతాం. కారులో తిరుగు దారి బాడీయే. కొత్తగా పెయింట్ వేయించిన బండ్లలో లైట్లు వింతగా ప్రవర్తిస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పెయింట్ మీద బోల్టు బిగిస్తే కరెంటుకి అది గోడ. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ లైటు కూడా దానితోపాటు కొట్టుకుంటోందా? నూటికి తొంభైసార్లు ఎర్త్ పట్టులేకపోవడమే. తన దారి మూసుకుపోయిన కరెంటు పక్కింటి దొడ్డిలోంచి పోతోందన్నమాట.

బోల్టు కింద మెరిసేదాకా పెయింట్ గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన వేజ్‌లైన్ రాస్తే తుప్పు పట్టదు. మేము అక్కడితో ఆగకుండా వెనక లైట్ల నుంచి నల్ల వైరు ఒకటి ప్రత్యేకంగా బ్యాటరీ ఎర్త్ దాకా లాగాం. ఇంజన్‌కీ బాడీకీ మధ్య జడలా అల్లిన పట్టీ కూడా కొత్తది వేశాం. అది తెగి ఉంటే సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపులు యాక్సిలరేటర్ కేబుల్ లోంచి దారి వెతుక్కుంటాయి.

బీప్ అబద్ధం చెబుతుంది

మల్టీమీటర్ పెట్టి బీప్ వస్తే వైరు బాగుందని అనుకుంటాం. ఇరవై పోగుల్లో పంతొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా బీప్ వస్తుంది. మా ఆఫీసులో టెస్టులన్నీ పాస్ అయి, నిజమైన జనం వచ్చాక కూలిపోయే సర్వర్లాంటిదే ఇది. లోడు మీద పరీక్షించాలి. లైటు వెలుగుతుండగా మీటర్ ఒక కొస బ్యాటరీ ప్లస్ మీద, ఇంకో కొస బల్బు ప్లస్ మీద పెట్టండి. కనిపించేది దారిలో పోయిన వోల్టేజీ. మా బండిలో 0.3 వచ్చింది. అర వోల్టు దాటితే ఎక్కడో పట్టు సరిగ్గా లేదని అర్థం. ఎర్త్ వైపు కూడా ఇలాగే చూడాలి.

లగ్గులకి కటింగ్ ప్లయర్‌తో నొక్కడం కాదు, రాట్చెట్ క్రింపింగ్ ప్లయర్ వాడండి. పూర్తిగా నొక్కుకునేదాకా అది వదలదు. సోల్డర్ చేస్తే ఇంకా గట్టి కదా అంటారు. సీసం పోగుల్లోకి పాకి వైరు ఒకచోట కడ్డీలా గట్టిపడుతుంది. బండి అదురుతుంటే సరిగ్గా ఆ గట్టిదనం ముగిసే చోట పుటుక్కున తెగుతుంది. ఇనప గోడల్లోంచి వైరు దాటే ప్రతి కంతకీ రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బ్యాటరీకీ బండికీ మధ్య వరసలో 21 వాట్ల బల్బు ఒకటి కలిపాం. అది రెండు ఆంపులు కూడా దాటనివ్వదు. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే ఆ బల్బు ఫుల్లుగా వెలుగుతుందే తప్ప వైరు కాలదు. బల్బు వెలగలేదు. అప్పుడే ఊపిరి పీల్చుకున్నాం.

ఒరిజినాలిటీ పోయిందా?

ఈ మాట అనేవాళ్లు ఉంటారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన కారుని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నది అందులో షరతు. వైరింగ్ మార్చడం ఆ కోవలోకి రాదని నా అభిప్రాయం. అయినా పైకి కనిపించేవి మార్చలేదు. స్విచ్చులు పాతవే, శుభ్రం చేసి వాడాం. రిలేలు, కొత్త ఫ్యూజు బాక్సు కంటికి కనపడని మూల కూర్చోబెట్టాం. పాత కిట్‌ని పారేయలేదు. ఆ ఏడు అతుకులతో సహా సంచిలో కట్టి అటక మీద పెట్టా. అది తాతయ్య లెక్కల పుస్తకం లాంటిది.

పెళ్లి రాత్రి

మండపానికి ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా బండి మీద సీరియల్ లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. వెనక తలుపు వేసినప్పుడు లైట్ల తీగ ఇరుక్కుని నలిగింది. హెడ్‌లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఇంజన్ ఆగలేదు, లోపల కూర్చున్న చెల్లికి సంగతే తెలియదు. పోయింది 7.5 ఆంపుల ఫ్యూజు ఒక్కటే. క్లిప్పులు నేరుగా బ్యాటరీకి తగిలించి ఉంటే ఆ తీగ ఆమె చీర కుచ్చిళ్ల పక్కన ఎర్రబడేది. ‘డెకరేషన్ లైట్లు పోయాయేంట్రా’ అని బాబాయ్ విసుక్కున్నాడు. చేతిలో ఆ చిన్న ఫ్యూజు పెట్టి చూపించాను. కాసేపు తిప్పి తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.

మీ దగ్గర అంబాసిడర్ లేకపోవచ్చు. నాన్నగారి పాత బైకో, ఎల్‌ఈడీ బార్లు, డబుల్ హారన్లు తగిలించిన మీ బుల్లెట్టో ఉంటుంది. ఈ ఆదివారం పది నిమిషాలు కేటాయించి ఫ్యూజు బాక్సు మూత తీసి చూడండి. ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్ పెట్టె రేకో, రాగితీగ ముక్కో ఉందా? తర్వాత బిగించిన లైట్ల వైరు బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా వెళ్తోందా? హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ ఎక్కడైనా రాసుకుంటోందా? ఈ మూడూ చూడటానికి స్క్రూడ్రైవర్ ఒక్కటి చాలు. తేడా కనిపిస్తే మంచి ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి, ‘డైరెక్ట్ ఇచ్చేస్తా’ అంటే మాత్రం వద్దనండి.

మా బండి వైరింగ్ బొమ్మ గీసి, లామినేట్ చేయించి, గ్లవ్ బాక్స్‌లో పెట్టాను. ఏ వైరు ఎక్కడికి, ఏ ఫ్యూజు దేనికి, ఏ తేదీన మార్చామో అందులో ఉంది. కింద కొంచెం ఖాళీ వదిలాను. తర్వాత ఈ బండి మీద చేయి వేసేవాళ్లు ఏం మార్చారో అక్కడ రాసుకోవాలి కదా.